కొత్త కిడ్నీకి దారి మూసుకుపోతే?

మీ ఇంట్లో కాఫీ ఫిల్టరు ఉందా? ఉంటే ఒక చిన్న సంగతి గమనించండి. పై గిన్నెలో పొడి వేసి, మరిగిన నీళ్ళు పోస్తారు. డికాక్షను చుక్క చుక్కగా కింది గిన్నెలోకి దిగుతుంది. కింది గిన్నెలో నిన్నటి డికాక్షను అలాగే ఉండిపోయిందనుకోండి. అది నిండి పై గిన్నె అడుగును తాకగానే చుక్కలు పడటం నిలిచిపోతుంది. పైన నీళ్ళున్నాయి. పొడి మంచిదే. చిల్లులు పూడిపోలేదు. అయినా ఫిల్టరు పని చేయటం లేదు. లోపం ఫిల్టరులో లేదు. దిగినది పోవటానికి దారి లేదు, అంతే.

మన కిడ్నీలకు, అంటే మూత్రపిండాలకు, కూడా ఇలాంటి కష్టం రావచ్చు. ఒకరి కిడ్నీని మరొకరికి అమర్చిన తర్వాత ఈ కష్టం వస్తే అది మరీ ప్రమాదం. ఎందుకంటే ఆ మనిషికి పనిచేసే కిడ్నీ ఉన్నది అదొక్కటే. అటువంటప్పుడు డాక్టర్లు ఏం చేస్తారు? ఆ సంగతి తెలుసుకోవటానికి మనం ఒక రోగి వెంట ఆసుపత్రికి వెళదాం.

లెక్కల మాస్టారి కథ

ఒక లెక్కల మాస్టారిని ఊహించుకోండి. వయసు నలభై అయిదు. రెండు కిడ్నీలూ పాడైపోవటం వల్ల వారానికి మూడుసార్లు డయాలిసిస్ యంత్రం దగ్గర రక్తం శుభ్రం చేయించుకుంటూ వచ్చారు. చివరికి ఆయన అక్కగారు తన కిడ్నీ ఒకటి ఇచ్చారు. ఆపరేషను చక్కగా జరిగింది. రక్తంలో క్రియాటినిన్ అనే పదార్థం 100 మిల్లీలీటర్లకు 1.2 మిల్లీగ్రాములకు దిగింది. మాస్టారు ఇంటికి వెళ్ళి, కడుపునిండా నీళ్ళు తాగి, ఎన్నో నెలల తర్వాత హాయిగా నిద్రపోయారు.

మూడో నెలలో మామూలు పరీక్షకు వచ్చారు. క్రియాటినిన్ 2.4 అని తేలింది.

"నాకేమీ నొప్పి లేదండీ. జ్వరం కూడా లేదు" అన్నారు మాస్టారు.

"నొప్పి లేకపోవటమే ఇక్కడ చిక్కు మాస్టారూ" అన్నారు డాక్టరు గారు.

క్రియాటినిన్ అంటే ఏమిటి? మన కండరాలు పనిచేస్తున్నప్పుడు ప్రతిరోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తయారయ్యే వ్యర్థ పదార్థం. దాన్ని కిడ్నీలే బయటికి పంపాలి. కిడ్నీ మందగిస్తే అది రక్తంలో పోగుపడుతుంది. అందువల్ల క్రియాటినిన్ అంకె కిడ్నీకి ప్రోగ్రెసు కార్డు వంటిది. తేడా ఒక్కటే. ఈ కార్డులో మార్కులు పెరిగితే కిడ్నీ తప్పుతున్నట్లు!

మూడు అతుకులు

కొత్త కిడ్నీని పాత కిడ్నీల స్థానంలో, అంటే వీపు వైపున, పెడతారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పొత్తికడుపులో ఒక పక్కన, తుంటి ఎముక లోపలి గుంటలో, చర్మానికి దగ్గరగా పెడతారు. 1951లో ఫ్రాన్సులో రెనే క్యూస్ మొదలైన శస్త్రవైద్యులు ఈ చోటును ఎంచుకున్నారు. 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం ఒక కవలసోదరుని కిడ్నీని తీసి రెండో సోదరునికి అమర్చింది. ఆయన ఆ కిడ్నీతో ఎనిమిదేళ్ళు జీవించాడు. చాలాకాలం నిలిచిన మొదటి కిడ్నీ మార్పిడి అదే. మర్రేకు 1990లో నోబెల్ బహుమతి లభించింది.

పాత కిడ్నీల వల్ల ప్రత్యేకమైన ఇబ్బంది లేకపోతే వాటిని తీయరు. అవి ఉన్నచోటనే ఉంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

కొత్త కిడ్నీని కలపటానికి మూడు అతుకులు వేయాలి. కిడ్నీ ధమనిని కాలి వైపు వెళ్ళే పెద్ద ధమనికి కలుపుతారు. సిరను అక్కడే ఉన్న పెద్ద సిరకు కలుపుతారు. ఈ రెండూ రక్తానికి సంబంధించినవి. మూడోది మూత్రానికి సంబంధించినది. కిడ్నీ నుంచి మూత్రాన్ని తెచ్చే మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుడతారు. మామూలుగా మనిషి మూత్రనాళం 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. లోపలి దారి మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. కొత్త కిడ్నీ మూత్రాశయానికి దగ్గరలోనే ఉంటుంది కనుక ఈ గొట్టాన్ని కత్తిరించి పొట్టిగా చేస్తారు.

ఇంత చిన్న గొట్టమే మన మాస్టారి కథలో కీలకం.

కాలువ చివరి పొలం

పంట కాలువల కింద సేద్యం చేసే ఊళ్ళలో ఒక మాట వింటూ ఉంటాం. కాలువ తలాపున ఉన్న పొలానికి నీళ్ళకు కొదవ ఉండదు. చివరి పొలానికే కష్టమంతా. నీరు తగ్గిన ఏడు ముందు ఎండేది అదే.

మూత్రనాళం కూడా ప్రాణమున్న కండరపు గొట్టమే. దానికీ రక్తం కావాలి. మన శరీరంలో దానికి పైనుంచి కిడ్నీ ధమని, మధ్యలో చుట్టుపక్కల ధమనులు, కింద మూత్రాశయం దగ్గరి ధమనులు రక్తం అందిస్తాయి. అంటే ఒకే పొలానికి మూడు నాలుగు తూముల నుంచి నీరు వచ్చినట్లు. కిడ్నీని దాత శరీరం నుంచి తీసినప్పుడు మధ్యవీ కిందివీ తెగిపోతాయి. మిగిలేది పై తూము ఒక్కటే. ఇక మూత్రనాళం చివరికొస, సరిగ్గా మూత్రాశయానికి కుట్టిన చోటు, కాలువ చివరి పొలమైపోతుంది.

రక్తం చాలకపోతే అక్కడి కణజాలం దెబ్బతింటుంది. గాయం మానిన చోట చర్మం ముడుచుకొని మచ్చ పడటం మీరు చూసే ఉంటారు. లోపల కూడా అలాంటి మచ్చే పడి, గొట్టం బిగుసుకుపోతుంది. దారి సన్నబడుతుంది. కిడ్నీ మార్పిడి జరిగినవారిలో నూటికి సుమారు రెండు నుంచి పదిమంది వరకు ఇలాంటి అడ్డంకులు కనిపిస్తాయి. ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే, ఎక్కువ భాగం ఆ చివరి కుట్టు దగ్గరే.

అందుకే దాత నుంచి కిడ్నీని తీసేటప్పుడు శస్త్రవైద్యులు ఒక జాగ్రత్త తీసుకుంటారు. కిడ్నీ కింది అంచుకూ మూత్రనాళానికీ మధ్య మూడు మూలలుగా కొంత కొవ్వు ఉంటుంది. నాళానికి వెళ్ళే సన్నని రక్తనాళాలు అందులోనే ఉంటాయి. ఆ కొవ్వును గీకివేయకుండా అలాగే ఉంచుతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'బంగారు త్రికోణం'!

అడ్డంకికి ఇతర కారణాలూ ఉన్నాయి. ఆపరేషను అయిన కొత్తలో నెత్తురు గడ్డ అడ్డుపడవచ్చు. గొట్టం మెలిక పడవచ్చు. కిడ్నీ పక్కన శోషరసం చేరి, నీటి తిత్తిలా ఉబ్బి, బయటినుంచి గొట్టాన్ని నొక్కవచ్చు. రాయి ఏర్పడవచ్చు. కొన్నిసార్లు వైరస్ కారణమవుతుంది. 1971లో లండనులో శాస్త్రవేత్తలు ఒక కొత్త వైరస్‌ను ప్రకటించారు. కిడ్నీ మార్పిడి జరిగి, మూత్రనాళం సన్నబడిన ఒక రోగి మూత్రంలో అది దొరికింది. ఆ రోగి పేరులోని పొడి అక్షరాలనే దానికి పేరుగా పెట్టి 'బీకే వైరస్' అన్నారు. చాలామంది శరీరాల్లో ఈ వైరస్ చిన్నతనం నుంచే నిద్రాణంగా ఉంటుంది, హాని చేయదు. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడతారు కదా, అప్పుడు మేలుకుంటుంది.

జానెడు నీటి లెక్క

దారి మూసుకుపోతే కిడ్నీ ఎందుకు ఆగిపోతుంది? మాస్టారు లెక్కలవారు కనుక డాక్టరు గారు ఆయనకు లెక్కతోనే చెప్పారు. మీరూ వేసి చూడండి.

ఒక్కొక్క కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో కేశనాళికల గుచ్ఛం ఒకటి ఉంటుంది. వడపోత జరిగేది అక్కడే. ఆ కేశనాళికల్లో రక్తపు ఒత్తిడి సుమారు 60 మిల్లీమీటర్ల పాదరసం ఎత్తుకు సమానం. ఇది నీటిని బయటికి తోస్తుంది. రక్తంలోని ప్రోటీన్లు నీటిని వెనక్కి లాగుతాయి. ఆ లాగుడు సుమారు 32. గుచ్ఛం చుట్టూ ఉన్న గుళికలోని ద్రవం ఎదురు తోస్తుంది. అది సుమారు 18. ఇప్పుడు తీసివేయండి. 60 లోంచి 32, 18 పోతే మిగిలింది 10.

అంటే మన రక్తాన్ని వడగట్టే నికరమైన శక్తి 10 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం మాత్రమే. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు. కనుక ఇది 136 మిల్లీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. జానెడు కూడా లేదు! రెండు కిడ్నీలూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టేది ఇంత చిన్న ఒత్తిడితోనే. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పీల్చుకోగా, మిగిలిన లీటరున్నర లేక రెండు లీటర్లు మూత్రంగా బయటికి పోతుంది.

కింద దారి మూసుకుంటే మూత్రం వెనక్కి తన్నుతుంది. కిడ్నీ లోపలి గరాటు వంటి భాగం, అంటే ద్రోణి, ఉబ్బుతుంది. ఎదురు ఒత్తిడి పెరుగుతుంది. కిడ్నీ కొంత సర్దుకోవటానికి ప్రయత్నిస్తుంది గాని, మిగులు తక్కువ కదా! వడపోత పడిపోతుంది. కాఫీ ఫిల్టరు సంగతే మళ్ళీ. ఇది కొద్దిరోజులే అయితే కిడ్నీ తిరిగి కోలుకుంటుంది. వారాలు, నెలలు సాగితే నెఫ్రాన్లు నశిస్తాయి. నశించిన నెఫ్రాన్ మళ్ళీ పుట్టదు.

నొప్పి తెలియని కిడ్నీ

మామూలు మనిషికి మూత్రనాళంలో రాయి అడ్డుపడితే నడుము నొప్పితో మెలికలు తిరిగిపోతాడు. మరి మాస్టారికి నొప్పి ఎందుకు లేదు?

కిడ్నీని ఒక శరీరం నుంచి తీసినప్పుడు దాని నరాలు తెగిపోతాయి. కొత్త శరీరంలో రక్తనాళాలను కుడతారు, నరాలను కుట్టరు. కిడ్నీ పనిచేయటానికి నరాలు తప్పనిసరి కావు. కాని బాధను మెదడుకు చెప్పే తంతి తెగిపోయింది. లోపల వరద వచ్చినా కబురు అందదు. అందుకే మార్పిడి జరిగినవారు ఒంట్లో బాగానే ఉన్నా, చెప్పిన తేదీకి తప్పకుండా రక్తపరీక్షకు రావాలి. ఆ కిడ్నీ మాట్లాడేది క్రియాటినిన్ అంకెతోనే.

ఇక్కడ మరో చిక్కు ఉంది. క్రియాటినిన్ పెరగటానికి అడ్డంకి ఒక్కటే కారణం కాదు. శరీరం కొత్త కిడ్నీని పరాయిదిగా గుర్తించి తిరస్కరిస్తున్నా పెరుగుతుంది. మందు మోతాదు ఎక్కువైనా పెరుగుతుంది. తిరస్కారమైతే రోగనిరోధక శక్తిని ఇంకా అణచే మందులివ్వాలి. అడ్డంకి అయితే ఆ మందులు ఉపయోగపడవు సరికదా, నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతుంటే హాని చేస్తాయి. కనుక ఊహతో వైద్యం చేయకూడదు, చూడాలి.

చూడటానికి మొదటి సాధనం అల్ట్రాసౌండ్. మన చెవికి వినపడని ధ్వనితరంగాలను పొట్టమీద నుంచి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులతో బొమ్మ గీస్తారు. నొప్పి ఉండదు, ఎక్స్‌రేలు అవసరం లేదు. కొత్త కిడ్నీ చర్మానికి దగ్గరగా ఉంటుంది కనుక బొమ్మ స్పష్టంగా వస్తుంది. మాస్టారి కిడ్నీలో ద్రోణి ఉబ్బి, నల్లని కొలనులా కనిపించింది. ఉబ్బు ఉన్న ప్రతిచోటా అడ్డంకి ఉందని చెప్పలేం. మూత్రాశయం నిండుగా ఉన్నా కొంత ఉబ్బు కనిపించవచ్చు. అందుకని మూత్రం పోసి రమ్మని మళ్ళీ చూశారు. ఉబ్బు తగ్గలేదు.

ముందు నీళ్ళు వదలండి

చెరువు నిండి కట్ట తెగేటట్లు ఉన్నప్పుడు ఊరివాళ్ళు ఏం చేస్తారు? కలుజు ఎందుకు పూడిందా అని చర్చిస్తూ కూర్చోరు. ముందు గండి కొట్టి నీరు వదులుతారు. కారణం తర్వాత వెతుకుతారు. ఇక్కడా అదే నియమం.

డాక్టరు గారు చర్మానికి మాత్రం తిమ్మిరెక్కే సూది వేశారు. మాస్టారు మెలకువగానే ఉన్నారు. అల్ట్రాసౌండ్ తెరమీద చూస్తూ ఒక సన్నని సూదిని చర్మం గుండా నేరుగా ద్రోణిలోకి దించారు. సూదిలోంచి ఒక తీగను, తీగమీదుగా మెత్తని గొట్టాన్ని లోపలికి పంపారు. బయట ఒక సంచి తగిలించారు. మూత్రం ఆ సంచిలోకి పారసాగింది. ఇలా చర్మం గుండా ద్రోణిలోని మూత్రాన్ని తోడే పద్ధతిని 1955లో అమెరికా డాక్టరు విల్లర్డ్ గుడ్విన్, ఆయన సహచరులు వివరించారు.

ఈ గొట్టం వైద్యమే కాదు, పరీక్ష కూడా. నీరు వదిలాక క్రియాటినిన్ దిగితే నేరం అడ్డంకిదేనని రుజువవుతుంది. మాస్టారికి కొద్దిరోజుల్లోనే 2.4 నుంచి 1.3కు దిగింది. తర్వాత అదే గొట్టం గుండా ఎక్స్‌రేలో కనిపించే మందునీటిని పంపి బొమ్మ తీశారు. మందునీరు నాళంలో దిగుతూ దిగుతూ, మూత్రాశయం దగ్గర దారంలా సన్నబడింది. అనుకున్నట్లే, చివరి పొలం!

దారిని బాగుచేయటం

ఇప్పుడు అసలు మరమ్మతు. ఇరుకు ఎంత పొడవుంది, ఎంతకాలం నుంచి ఉంది అనేదాన్ని బట్టి మార్గాన్ని ఎంచుకుంటారు.

ఇరుకు పొట్టిదైతే బెలూనుతో ప్రయత్నిస్తారు. ముడిచిన చిన్న బెలూనును ఇరుకులోకి పంపి, ద్రవంతో ఉబ్బిస్తారు. గోడలు విప్పారుతాయి. అవి మళ్ళీ మూసుకోకుండా కొన్ని వారాలపాటు లోపల స్టెంట్ అనే గొట్టాన్ని ఉంచుతారు. మొదట్లో ఇటువంటి గొట్టాలు జారిపోతుండేవి. 1978లో రాయ్ ఫిన్నీ అనే అమెరికా డాక్టరు రెండు కొసలూ కొక్కెంలా వంగిన గొట్టాన్ని ప్రకటించాడు. ఒక కొక్కెం కిడ్నీలో, రెండోది మూత్రాశయంలో పట్టుకుంటుంది. ఇంగ్లీషు 'జె' అక్షరం రెండుచోట్లా ఉన్నట్లుంటుంది గనుక దాన్ని 'డబుల్ జె' స్టెంట్ అంటారు.

బెలూను ఫలితం అందరిలోనూ నిలవదు. మచ్చ గట్టిదైనా, పొడవైనదైనా మళ్ళీ బిగుసుకుంటుంది. అప్పుడు శస్త్రచికిత్స తప్పదు. పాడైన కొసను కోసివేసి, రక్తం బాగా అందే భాగాన్ని మూత్రాశయానికి కొత్తగా కుడతారు. మిగిలిన గొట్టం అందకపోతే? మూత్రాశయాన్నే పైకి లాగి కట్టవచ్చు. లేదా మూత్రాశయపు గోడలోంచి ఒక పట్టీని కోసి, చుట్టి, గొట్టంలా చేసి అందించవచ్చు. ఈ ఉపాయం 1894లో ఇటలీ వైద్యుడు బోయారి కుక్కల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది.

ఇంతకన్నా చక్కని ఉపాయం మరొకటి ఉంది. పాత కిడ్నీలను తీయరని గుర్తుంచుకోమన్నాను కదా! ఆ కిడ్నీ పాడైనదే గాని, దాని మూత్రనాళం చాలాసార్లు బాగానే ఉంటుంది. దానికి సొంత రక్తపు సరఫరా ఉంది. మూత్రాశయంలోకి పుట్టుకతో ఏర్పడిన సొంత ద్వారం ఉంది. దాన్ని పైన కోసి, కొత్త కిడ్నీ ద్రోణికి కుడతారు. మన మాస్టారికి చేసింది ఇదే. అక్కగారి కిడ్నీలో తయారైన మూత్రం ఇప్పుడు తమ్ముడి సొంత నాళం గుండా దిగుతోంది. పనికిరాదని వదిలేసినదాని పక్కనే పనికొచ్చేది దాగి ఉన్నదన్నమాట!

రాకముందే జాగ్రత్త

అవయవ మార్పిడి మొదలైన తొలి సంవత్సరాల్లో మూత్రం కారిపోవటం, దారి మూసుకుపోవటం వల్ల ఎన్నో కిడ్నీలు, కొందరి ప్రాణాలు కూడా పోయాయి. ఇప్పుడవి బాగా తగ్గాయి. నాళాన్ని వీలైనంత పొట్టిగా ఉంచుతారు. చాలాచోట్ల మార్పిడి చేసేటప్పుడే స్టెంట్ పెట్టి, కొన్ని వారాల తర్వాత తీసేస్తారు. ఆ స్టెంట్‌ను తీయించుకోవటం మరచిపోకూడదు. నెలల తరబడి లోపల ఉంటే దానిమీద సున్నపు పెచ్చులు కట్టి, రక్షించవలసిన గొట్టమే అడ్డంకి అవుతుంది.

మన దేశంలో 1971లో తమిళనాడులోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కిడ్నీ మార్పిడి విజయవంతంగా జరిగింది. 1994లో అవయవాల అమ్మకాన్ని నిషేధించే చట్టం వచ్చింది. మెదడు మరణించినవారి అవయవాలను అవసరమైనవారికి అందించే 'జీవన్‌దాన్' పథకం 2013లో హైదరాబాదులో ప్రారంభమైంది. ఎక్కడ జరిగినా ఇచ్చినవారి త్యాగం ఆపరేషను బల్ల దగ్గరే ముగిసిపోదు. ఆ కానుకను కాపాడుకోవటం పుచ్చుకున్నవారి చేతుల్లో కూడా ఉంటుంది.

మాస్టారు ఇప్పుడు మళ్ళీ బడికి వెళుతున్నారు. ఆయన దగ్గర ఒక పాత లెక్కల నోటుపుస్తకం ఉంది. అందులో మూడు నిలువు గడులు గీసుకున్నారు. తేదీ, బరువు, క్రియాటినిన్. అంకె ఏమాత్రం పైకి జరిగినా, నొప్పి ఉన్నా లేకపోయినా, అదేరోజు ఆసుపత్రికి బయలుదేరతారు.

మీకు తెలిసినవారిలో కిడ్నీ మార్పిడి జరిగినవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఈసారి కలిసినప్పుడు పరీక్షకు వెళ్ళవలసిన తేదీ ఎప్పుడో అడగండి. మరచిపోయి ఉంటే గుర్తు చేయండి. ఆ కిడ్నీ తనంతట తాను గుర్తు చేయలేదు కదా!